ఏకప్రతి, బహుప్రతులు: కాలిన్స్, హీత్‌కిట్ సెట్ల పునరుద్ధరణ

పాత హ్యామ్ రేడియో సెట్లను బాగుచేసేవారు తరచూ చెప్పే మాట, సెట్టును అసలు స్థితికి తేవాలని. ఆ అసలు స్థితి ఎక్కడుందంటే మాత్రం సెట్టును బట్టి జవాబు మారుతుంది. అమెరికాలో 1959లో వచ్చిన కాలిన్స్ కేడబ్ల్యూఎం-2నూ, 1970లో వచ్చిన హీత్‌కిట్ హెచ్‌డబ్ల్యూ-101నూ పక్కపక్కన పెడితే ఈ సంగతి బాగా తెలుస్తుంది. రెండూ ట్రాన్సీవర్లే. రెండింటి చివరి దశలోనూ 6146 వాల్వుల జోడీయే. ఆ వాల్వుల ప్లేట్ల మీద 800 వోల్టులు, లోపలికి తీసుకునే పవర్ 175, 180 వాట్ల దగ్గర. పవర్ సప్లై రెండింటికీ విడిగా కొనుక్కోవాల్సిందే. అయితే కాలిన్స్ ధర వెయ్యి డాలర్లు దాటగా, హీత్‌కిట్ రెండున్నర వందల డాలర్లకే వచ్చేది. ఎందుకంటే దాన్ని పెట్టెలో విడిభాగాలుగా పంపేవారు, కొన్నవాడే కూర్చుని కట్టుకోవాలి.

మూలాలకు వెళ్తే రెండూ దగ్గర చుట్టాలు. అయోవా రాష్ట్రంలోని సీడర్ ర్యాపిడ్స్‌లో పదిహేనేళ్ల ఆర్థర్ కాలిన్స్ 1925లో ఇంట్లో తాను కట్టుకున్న సెట్టుతో, గ్రీన్‌లాండ్ దాకా వెళ్లిన మెక్‌మిలన్ ఆర్కిటిక్ యాత్ర ఓడతో సందేశాలు నడిపాడు. కంపెనీ పెట్టింది 1933లో. అలాగే హీత్ కంపెనీ కూడా సొంత చేతుల మీద నమ్మకంతోనే మొదలైంది. ఎడ్వర్డ్ హీత్ అమ్మింది ఇంట్లో కట్టుకునే చిన్న విమానాల కిట్లు. 1931లో ఒక విమానాన్ని పరీక్షిస్తూ అతను చనిపోయాడు. 1935లో కంపెనీ హోవర్డ్ ఆంథొనీ చేతికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాలిన్స్ సైన్యానికి ట్రాన్స్‌మిటర్లు చేసి పెరగగా, హీత్ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక విడిభాగాలు కొని, వాటితో 1947లో ఆసిలోస్కోప్ కిట్టు తెచ్చి నిలబడింది.

వాల్వు రేడియోను విప్పి చూసినవారికి, జనరల్ పర్పస్ బోర్డు మీద సొంతంగా సర్క్యూట్ కట్టుకున్నవారికి హీత్‌కిట్ పక్షం వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి ముందు కాలిన్స్ లోపలికి వెళ్దాం.

కేడబ్ల్యూఎం-2కు ప్రాణం పీటీఓ అనే ఆసిలేటర్‌లో ఉంది. వేరియబుల్ కండెన్సర్ తిప్పడానికి బదులు, ఇక్కడ కాయిల్ లోపలి కోర్ ఒక స్క్రూ మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ జరగడానికీ ఫ్రీక్వెన్సీ మారడానికీ లెక్క సమానంగా కుదిరేలా చేశారు. అందుకే డయల్ మీద ఒక్కొక్క కిలోహెర్ట్జ్‌కూ గీత పెట్టగలిగారు. రెండో గొప్ప భాగం 455 కిలోహెర్ట్జ్ మెకానికల్ ఫిల్టర్. లోహపు బిళ్ళలు వరుసగా కంపిస్తూ కావలసిన 2.1 కిలోహెర్ట్జ్ వెడల్పును మాత్రమే పోనిస్తాయి. ఈ రెండింటినీ కాలిన్స్ ఇంజనీర్లే రూపొందించారు. కాబట్టి అరవై ఏళ్లు దాటిన సెట్టు బల్ల మీదికి వచ్చినప్పుడు పని స్పష్టంగానే ఉంటుంది. పీటీఓలో గ్రీజు గట్టిపడి డయల్ బరువుగా తిరుగుతుంది, దాన్ని కడిగి కొత్తది పెట్టాలి. వయసుతో కాయిల్ విలువ మారి, డయల్ ఒక చివర సరిపెడితే రెండో చివర తప్పుతుంది, దాన్ని సరిచేయాలి. కొన్ని పాత ఫిల్టర్లలో బిళ్ళలను పట్టి ఉంచే స్పాంజి కరిగి జిగురైపోతుంది. ఇవన్నీ కష్టమైన పనులే, కానీ గమ్యం విషయంలో సందేహం లేదు. ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికి వచ్చిందో మాన్యువల్‌లో ఉంది, సర్వీస్ బులెటిన్లలో ఉంది, అదే రోజుల్లో తయారైన పక్క సెట్టులోనూ ఉంది. బాగుచేసేవాడు ఆ ఒక్క ప్రతిని చేరుకుంటే చాలు.

హీత్‌కిట్ సంగతి అలా కాదు. హీత్ కంపెనీ ఉన్న బెంటన్ హార్బర్ నుంచి ఇంటికి చేరింది విడిభాగాలు, ఒక లావుపాటి మాన్యువల్. ఎలక్ట్రానిక్స్ తెలియనివాడు కూడా కట్టగలిగేలా రాసిన ఆ మాన్యువల్‌ను నేను సాంకేతిక గద్యంలో ఉత్తమ రచనగా భావిస్తాను. ప్రతి అడుగుకూ ముందు టిక్కు పెట్టుకునే చోటు. ఫలానా తీగను ఫలానా కొనకు చుట్టు, ఇప్పుడే సోల్డర్ చేయకు అనడానికి ‘ఎన్ఎస్’ అని గుర్తు. సోల్డర్ చేయాల్సిన వేళ ‘ఎస్-3’ అంటే ఆ కొన మీద మూడు తీగలు ఉండాలని, లేకపోతే వెనక్కి వెళ్లి చూసుకోమని. యాసిడ్ ఫ్లక్స్ వాడితే వారంటీ చెల్లదన్న హెచ్చరిక కూడా అందులో ఉంటుంది. కాలిన్స్ మాన్యువల్ తయారైన సెట్టును వర్ణిస్తుంది, హీత్ మాన్యువల్ సెట్టును చేయిస్తుంది.

కానీ చేసిన చేతులు వేలకొద్దీ. ఒకే మాన్యువల్ నుంచి వచ్చినా ఏ రెండు హెచ్‌డబ్ల్యూ-101లూ ఒకటి కావు. ఇక్కడ బాగుచేసేవాడి పని కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి చేయించిన పనికి దగ్గర. ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులను పోల్చి, లేఖకుడి పొరపాటు ఏదో, కావాలని చేసిన పాఠాంతరం ఏదో వారు తేల్చవలసి వచ్చింది. ‘ఎన్ఎస్’ అన్న దగ్గర ఆగి, ఆ తర్వాత సోల్డర్ చేయడమే మరచిపోయిన జాయింటు ఉందనుకోండి. కొనకు గట్టిగా చుట్టిన తీగ కాబట్టి అది ఏళ్లపాటు పనిచేసే ఉంటుంది, తుప్పు పట్టాకే మొరాయిస్తుంది. అది లేఖకదోషం, నిస్సంకోచంగా సరిదిద్దాలి. అలాగే డ్రై సోల్డర్లు, హెచ్చరికను పెడచెవిన పెట్టి వాడిన యాసిడ్ ఫ్లక్స్ తినేసిన రాగి. అయితే అదే షాసీ మీద ఆ మొదటి యజమాని ఏదో పత్రికలో చదివి చేసిన మార్పు, శ్రద్ధగా తీగలు వంచి, శుభ్రంగా సోల్డర్ చేసినది కనిపిస్తే? మాన్యువల్‌లో లేదు కాబట్టి తీసేయాలా? తీసేయకూడదనే నా అభిప్రాయం. ఆ మనిషి బహుశా మోర్స్ ఇంకా స్పష్టంగా వినాలనుకున్నాడు, అందుకోసం ఆలోచించి చేశాడు. సెట్టు చరిత్రలో అదీ ఒక వాక్యమే.

రెండు పక్షాలూ దూరంగా నిలబడ్డాయనుకుంటే పొరపాటు. 1960లలో హీత్ తెచ్చిన ఎస్‌బీ వరుస కాలిన్స్ ఎస్-లైన్‌ను కళ్లముందు పెట్టుకుని చేసినదని చూడగానే తెలుస్తుంది. పైగా ఆ వరుసలో ఫ్రీక్వెన్సీని నిర్ణయించే ఆసిలేటర్‌ను హీత్ కొన్నవాడి చేతికి వదల్లేదు, ముందే కట్టి, పరీక్షించినదాన్ని పంపింది. అంటే కాలిన్స్ వాదంలోని బలాన్ని ఒప్పుకున్నట్టే. తర్వాత చౌకైన హెచ్‌డబ్ల్యూ సెట్లలో ఆ భాగాన్నీ ఇంట్లోనే కట్టుకోమంది. వాటి డయల్ కాలిన్స్ డయల్ అంత నమ్మకంగా లేకపోయినా, కట్టినవాడికి అందులో ఏముందో తెలుసు.

ముసలితనంలో రెండూ మళ్లీ ఒకటవుతాయి. కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్ల విలువ పెరుగుతుంది, ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోతాయి, బ్యాండ్ స్విచ్ కాంటాక్టులు నల్లబడతాయి. చివరి వాల్వుల జోడీ మార్చితే రెండింటిలోనూ న్యూట్రలైజేషన్ మళ్లీ చేయాలి. స్విచ్ ఆపినా కండెన్సర్లలో చార్జి నిలిచి ఉంటుంది, అది కాలిన్స్ అయినా హీత్ అయినా చంపగలదు.

మనవైపు కూడా ఈ వంశానికి ఒక కొమ్మ ఉంది. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ 2000ల తొలి ఏళ్లలో రూపొందించిన బిట్ఎక్స్ ట్రాన్సీవర్, కేడబ్ల్యూఎం-2 లాగే పంపడానికీ వినడానికీ ఒకే ఫిల్టర్ వాడుతుంది, హీత్‌కిట్ లాగే ఇంట్లో కట్టుకోవడానికి ఉద్దేశించింది. మొదట్లో కిట్టు కూడా లేదు, సర్క్యూట్, వివరణ మాత్రమే. కాయిల్స్ చుట్టడానికి ఫర్హాన్ చూపించింది కుళాయి వాషర్లను. దిగుమతి కోర్ల కోసం ఎదురుచూడనక్కర్లేని ఆ నిర్ణయం నాకెంతో ఇష్టం. పాతబడ్డ బిట్ఎక్స్‌లు బల్ల మీదికి వచ్చే రోజున వాటికి వర్తించేది హీత్ పద్ధతే.

నాకు బాధ కలిగించేది ఒక పక్షపు కొలతను రెండో పక్షం మీద రుద్దడం. కాలిన్స్ ప్యానెల్‌కు రంధ్రాలు చేసి కొత్త స్విచ్‌లు బిగించడం నష్టమే. దాని పవర్ సప్లైలో రెక్టిఫయర్ వాల్వులు తీసి సిలికాన్ డయోడ్లు పెడితే, వోల్టేజీ ఎంత పెరుగుతుందో చూసి దాన్ని తగ్గించే ఏర్పాటు చేయాలి. మరోవైపు, హీత్‌కిట్ సెట్టును పూర్తిగా విప్పి, ప్రతి జాయింటూ కరిగించి, ఫ్యాక్టరీ సెట్టులా మెరిసేలా కట్టడం కూడా అంతే నష్టం. దానికి ఫ్యాక్టరీ రూపమన్నది ఏనాడూ లేదు.

కాలిన్స్‌ను 1973లో రాక్‌వెల్ కొనుక్కుంది, హీత్ 1992లో కిట్లు ఆపేసింది. కాలిన్స్ సెట్టు కొనేవారు ముందు ప్యానెల్ మీది కంపెనీ చిహ్నం రెక్కలదా గుండ్రనిదా అని చూస్తారు. హీత్‌కిట్ సెట్టు కొనేవారు అంతే పట్టుదలగా మొదటి యజమాని టిక్కులు పెట్టిన మాన్యువల్‌ను అడగాలి. మీ అటక మీద అలాంటిది ఉంటే, సెట్టు ఎవరికిచ్చినా దాన్ని కూడా ఇవ్వండి, విడిగా చిత్తుకాగితాలకు వేయకండి.