గెత్తం పార్టీ వాడి మాట

ఈ వారం ఒళ్లు మండింది. కొత్తపేట దగ్గర ఓ బెండతోటలో ఆకుల ఈనెలన్నీ పసుపు తిరిగి వలలా కనిపిస్తున్నాయి. కుర్రరైతు మళ్లీ "మైక్రో మందు" కొడుతున్నాడు. "షాపాయన లోపమన్నాడండీ" అన్నాడు. ఇనుము లోపమైతే లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పాలిపోతుంది. ఈనెలే పసుపైతే అది శంఖురోగం, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి ఏ పొడి కొట్టినా బాగుపడేది షాపే.

నేను గెత్తం పార్టీ, అంటే మాగిన పశువుల ఎరువు పక్షం అని ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. షాపుల్లో అమ్మే సూక్ష్మపోషకాల పాకెట్ల మీద నా సణుగుడూ తెలుసు.

మా తాతయ్య ఇంటి వెనక దిబ్బ ఉండేది. పశువులు లంకగడ్డీ, మా చేలో వరిగడ్డీ, మినపపొట్టూ, తెలకపిండీ తిని వేసిన పేడంతా అక్కడికే చేరేది. దాని మీద బూడిద, చెత్త, కుడితి. ఏడాది మాగితే నల్లగా, వాసన లేకుండా పొడిపొడిగా రాలేది. వేసవిలో బళ్ల మీద వంగతోటకి తోలేవారు. లంకలో భూమి ఉన్నవాళ్లు ఆ శ్రమ కూడా పడేవారు కాదు. వరద తీశాక మిగిలిన ఒండ్రే వాళ్ల ఎరువు. తాతయ్య వాళ్లని చూసి కుళ్లుకునేవాడు, వాళ్ల ఇల్లు మునిగినప్పుడు తప్ప.

ఆ దిబ్బనే తలుచుకుంటూ కూర్చుంటే, గెత్తం ఉంటే పాకెట్ అక్కర్లేదన్న నా వాదనకి నేనే అడ్డొచ్చాను. అప్పుడు చేలో పండిందాంట్లో చాలా భాగం పశువు కడుపు మీదుగా చేలోకే తిరిగొచ్చేది. ఇప్పుడు బెండ, దొండ, వంగ లారీ ఎక్కి వెళ్లిపోతాయి, వాటితోపాటు జింకూ బోరానూ కూడా. పశువులు తగ్గాయి. అనపర్తి, మండపేట వైపు నుంచి కోళ్ల పెంట కొంటున్నాం, అదీ మాగకుండా వేసి మొక్క మాడ్చుకుంటున్నాం. జింకు తక్కువైన నేలకి తాతయ్య దిబ్బ పేరు చెబితే కాయ కాయదు.

కాబట్టి మట్టి పరీక్షలో లోటు తేలితే పాకెట్ కొనండి. జింకు సల్ఫేటుకి పది రెట్లు మాగిన గెత్తం కలిపి, తడి ఆరకుండా నీడలో నెల్లాళ్లు ఉంచండి. గెత్తంలోని ఆమ్లాలు జింకుని పట్టుకుని వేరుకి అందిస్తాయి. పంట మీద లోపం కనబడితే పిచికారీ ఉంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా వెజిటబుల్ స్పెషల్‌ని టమాటాకి లీటరుకి 5 గ్రాములు కలుపుతారు. కానీ అది ఆ పూటకి ఆదుకునేదే, నేలని బాగుచేసేది కాదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. జింకు సల్ఫేటుని డీఏపీతోగానీ సూపర్ ఫాస్ఫేట్‌తోగానీ కలిపి వెయ్యకండి. భాస్వరంతో కలిస్తే జింకు మొక్కకి అందదు.