కిస్తీ లెక్క, పాస్ లెక్క

‘ఎంత తిరిగితే అంత లాభం’ అని ఎవరన్నా అంటే చాలు, మనవాళ్ల చెయ్యి జేబులోకి పోతుంది. రైలు పాసులు అమ్ముడుపోయేది ఆ ఒక్క మాట మీదే. నాకు ప్రయాణాల లెక్కలు వేయడం సరదా అని తెలిసినవాళ్లు ఊరికి బయల్దేరే ముందు పిలిచి కూర్చోబెడతారు. పాస్ కొననా వద్దా అని అడుగుతారు. సగానికి సగం మంది అప్పటికే కొనేసి అడుగుతారనుకోండి, అది వేరే సంగతి.

మొన్న విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు ముందు ఇదే పంచాయితీ. వెల్డింగ్ రవ్వలు మీద పడకుండా కుర్చీలు పక్కకి లాక్కున్నాం. నన్ను పిలిచినాయనకి లారీలున్నాయి, కొడుక్కి ఒసాకాలో ఉద్యోగం. భార్యాభర్తలిద్దరూ పది రోజులు వెళ్లొస్తారట.

‘మాస్టారూ, జపాన్ రైల్ పాస్ అంట. ఏడు రోజులు, మనిషికి యాభై వేల యెన్లు. తీసేసుకోమంటారా?’

‘పాస్ సంగతి తర్వాత చూద్దామండీ. ఏ రోజు ఎక్కడుంటారో ముందు చెప్పండి.’

టైర్ల బిల్లు వెనక గీతలు గీసి రాశాం: తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, విడిగా కొంటే టికెట్ ఎంత. ఒసాకా నుంచి టోక్యో బుల్లెట్ రైల్లో రాను పోను దాదాపు 29 వేల యెన్లు. క్యోటో మామూలు రైల్లో అరగంట, ఆరు వందల యెన్ల లోపే. నారా వెయ్యి లోపు. మిగతా రోజులకి ఎదురుగా ఆయన చెప్పింది ‘ఇంట్లోనే, మనవడితో’. మొత్తం కూడితే 32 వేలు దాటలేదు. పాస్ కొంటే మనిషికి 18 వేల యెన్లు అదనం. మన డబ్బుల్లో పదివేల చుట్టూ.

ఈ పాస్ ఒకప్పుడు నిజంగానే చవక. 2023 అక్టోబరు 1న ఏడు రోజుల మామూలు పాస్ ధర 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000 అయింది. అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లు ‘కళ్లు మూసుకుని కొనెయ్యండి’ అని ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. పాత ధరకైతే ఆ సలహా సరైనదే.

‘రోజులు వరసగా పోతాయా? ఇంట్లో కూర్చున్న రోజు కూడా లెక్కేనా?’ అన్నాడాయన. లెక్కేనన్నాను. ‘అంటే బండి షెడ్డులో ఉన్నా కిస్తీ ఆగదన్నమాట!’ అని నవ్వాడు. నేను అరగంట చెప్పాలనుకున్నది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

అక్కడినుంచి పని తేలికైంది. దూరప్రయాణాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మనవడి రోజులు ముందుకో వెనక్కో జరిపితే పాస్‌కి ప్రాణం వస్తుందేమో చూశాం. టోక్యోకి తోడు హిరోషిమా కూడా ఏడు రోజుల్లో ఇరికిస్తే, దాని రాను పోను మరో 21 వేలు కలిసి సరిగ్గా అసలు దక్కుతుంది. లాభం పెద్దగా లేదు, కాళ్ల నొప్పులు మాత్రం మిగులుతాయి. విడి టికెట్లే తీసుకోమన్నాను. పాస్ గిట్టుబాటు చేయడానికి అక్కర్లేని ఊరు తిరగడం నా దృష్టిలో నష్టమే.

అలాగని పాసులంటే నాకు పడదనుకోకండి. హైదరాబాద్ మెట్రో 2022 ఉగాది నుంచి ఎంపిక చేసిన సెలవుల్లో 59 రూపాయలకి రోజంతా తిరగనిచ్చింది. అప్పట్లో ఆ మెట్రోలో గరిష్ఠ ఛార్జీయే 60. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక్కసారి వెళ్తే సొమ్ము వచ్చేసినట్టే, తిరుగు ప్రయాణం ఉచితం. అలాంటిదానికి కాగితం, పెన్ను అక్కర్లేదు.

ఇక మన రైల్వేలో ఇండ్‌రైల్ పాస్ ఉండేది. విదేశీయులకి, ప్రవాస భారతీయులకి మాత్రమే ఇచ్చేవారు. 2017లో ఎత్తేశారు. మనలాంటివాళ్లకి మిగిలింది సర్క్యులర్ జర్నీ టికెట్. విజయవాడలో ఎక్కి చెన్నై, తంజావూరు, మదురై, కన్యాకుమారి, తిరువనంతపురం, బెంగళూరు చూసి వేరే దారిలో మళ్లీ విజయవాడలో దిగుతామంటే మొత్తానికి ఒకే టికెట్ ఇస్తారు. దారిలో ఎనిమిది చోట్ల దాకా ఆగొచ్చు. దూరం మూడు వేల కిలోమీటర్లు అనుకుంటే, పదిహేను వందల చొప్పున రెండు ప్రయాణాలకి లెక్కగట్టి ఛార్జీ తీసుకుంటారు. రైల్వేలో దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది కాబట్టి, ఏ ఊరికాఊరు ముక్కలుగా కొనడం కంటే ఇది చవక. ఇంట్లో కూర్చున్న రోజుకి కిస్తీ పడే బాధ కూడా తక్కువ: రైల్వే తన ఉదాహరణగా చెప్పే 7,550 కిలోమీటర్ల ఢిల్లీ చక్రానికి గడువు 56 రోజులు.

అయితే చిన్న చక్రానికి దీని జోలికి పోకండి. గుడివాడ, కైకలూరు, భీమవరం చూసి నిడదవోలు, ఏలూరు మీదుగా తిరిగొచ్చే డెల్టా ప్రయాణం ఒక్క రోజు ముచ్చట. ప్యాసింజర్ రైలు కనీస ఛార్జీ కోవిడ్ నాటి 30 నుంచి 2024లో మళ్లీ 10 రూపాయలకి దిగింది. అక్కడ పాస్ పెట్టి మిగుల్చుకునేదేముంది? కౌంటర్లో చిల్లర పట్టుకుని నిలబడితే సరి.

పెద్ద చక్రం తిరిగేవాళ్లు మాత్రం డివిజన్ కమర్షియల్ కార్యాలయానికి వెళ్లేటప్పుడు ఊళ్లు వరుసలో రాసుకోండి, ఏ జంక్షన్ మీదుగా వెళ్తారో కూడా రాయండి. రిజర్వేషన్ ప్రతి మజిలీకీ విడిగా చేయించుకోవాలి, దాని రుసుము వేరే. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషన్ 60 రోజులకే పరిమితం, కాబట్టి టికెట్ పని అంతకంటే ముందే మొదలుపెట్టండి.