నాలుగో ఏడాది నుంచి వెనక్కి చూడండి

అక్టోబరు వచ్చిందంటే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. గుంటూరులోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చదివి, స్టెప్ లైసెన్సు పరీక్షలు గట్టెక్కి, అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ ఇంటర్వ్యూలకు పిలుపులు అందుకున్న పిల్లలు. 'ఏ ప్రోగ్రామ్ మంచిది మేడమ్?' అని అడుగుతారు. మూడేళ్ల శిక్షణ అయ్యాక, నాలుగో ఏడాదిలో ఎక్కడ కూర్చుని ఎవరికి వైద్యం చేయాలనుకుంటున్నావని నేను అడుగుతాను. చాలామంది కాసేపు మాట్లాడరు. ఇంటర్నల్ మెడిసిన్‌లో సీటు రాకపోతే ఇదైనా వస్తుందని దరఖాస్తు పెట్టినవాళ్లకు ఆ ప్రశ్న అంతవరకు ఎదురుకాలేదు మరి.

1969లో అమెరికా ఫ్యామిలీ మెడిసిన్‌ను ప్రత్యేక విభాగంగా గుర్తించింది. పురిటిబిడ్డ దగ్గర్నుంచి తొంభై ఏళ్ల తాతదాకా అందరూ ఇందులోకి వస్తారు. చేతికొచ్చే బోర్డు సర్టిఫికెట్ అందరికీ ఒకటే. చేతికొచ్చే పని మాత్రం ఒకటి కాదు. ఒకరు పురుళ్లు పోస్తారు, వార్డులో రోగుల్ని చూస్తారు, ఎమర్జెన్సీలో నిలబడతారు. ఇంకొకరు క్లినిక్ దాటి బయటికి రారు. రెండూ గౌరవమైన జీవితాలే. కానీ శిక్షణలో చేయని పనిని ఉద్యోగంలో మొదలుపెట్టడం కష్టం. ఫలానా ప్రొసీజర్ చేయడానికి అనుమతి ఇచ్చేముందు ఇప్పటివరకు ఎన్ని చేశారని ఆసుపత్రి లెక్క అడుగుతుంది. 2023 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, కాన్పులు చేస్తూ ప్రాక్టీసు పెట్టాలనుకునే రెసిడెంటు కనీసం 80 కాన్పులు చేయాలి, లేదా దగ్గరుండి చేయించాలి. అన్ని కాన్పులు మీ వంతుకు వచ్చే చోటేనా అన్నది రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్‌కు ముందే తెలుసుకోవాలి.

పేరు గొప్ప ఆసుపత్రులతో చిక్కు ఇక్కడే వస్తుంది. పెద్ద విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో గైనిక్, సర్జరీ, పిల్లల విభాగం, ప్రతిదానికీ సొంత రెసిడెంట్లు ఉంటారు. కాన్పు గదిలో మన పిల్లలు మూడో వరసలో నిలబడాల్సి రావచ్చు. ఫ్యామిలీ మెడిసిన్ ఒక్కటే ఉన్న చిన్న ఆసుపత్రిలో అయితే రాత్రి రెండు గంటలకు ఫోను మీకే వస్తుంది. పెద్దవన్నీ ఇలా ఉంటాయనీ కాదు. ఫోర్ట్‌వర్త్‌లోని జాన్ పీటర్ స్మిత్ ఆసుపత్రిది దేశంలోకెల్లా పెద్ద ఫ్యామిలీ మెడిసిన్ ప్రోగ్రాముల్లో ఒకటి, పల్లె వైద్యానికి కావలసిన శిక్షణకు పేరున్నది. స్పోర్ట్స్ మెడిసిన్, వృద్ధుల వైద్యం, పాలియేటివ్ కేర్ లాంటి ఏడాది ఫెలోషిప్పో, పరిశోధనో, బోధనో మనసులో ఉన్నవాళ్లకు ఆ గురువులున్న విశ్వవిద్యాలయమే సరైన చోటు.

జే-1 వీసా మీద వచ్చే మన పిల్లలకు నాలుగో ఏడాది సంగతి మరీ ముఖ్యం. శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు తప్పాలంటే, ఎక్కువమంది కాన్రాడ్ పథకం కింద వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తారు. ఏటా ఒక్కో రాష్ట్రానికి 30 అవకాశాలు. అలాంటి ఊళ్లు కొన్నింటిలో స్పెషలిస్టు గంటల దూరంలో ఉంటాడు. గర్భిణి, మధుమేహ రోగి, నల్లమందు జాతి మాత్రలకు అలవాటుపడ్డ కుర్రవాడు, అందరూ ఒకే మధ్యాహ్నం మీ గుమ్మం ఎక్కుతారు. సుఖమైన డ్యూటీలని ఎంచుకున్న ప్రోగ్రామ్ ఆ మధ్యాహ్నానికి పనికిరాదేమోనని నాకు నిజంగా భయం. అసలు ఆ ప్రోగ్రామ్ వీసా ఇస్తుందో లేదో, ఇస్తే ఏ వీసానో ముందే కనుక్కోండి.

ఇంటర్వ్యూలో డైరెక్టరు గారి మాటలు వినండి, కానీ మూడో ఏడాది రెసిడెంటును విడిగా పట్టుకోండి. నిరుడు వెళ్లినవాళ్లు ఎక్కడ చేరారు? ఎంతమంది కాన్పులు చేస్తున్నారు? ఎలక్టివ్ నెలలు నిజంగా తమకు నచ్చినట్టు వాడుకోనిచ్చారా? జవాబుకు తడుముకుంటే అదీ ఒక జవాబే.

ఇక మ్యాచ్ కోసం ప్రోగ్రాములను మీ ఇష్టం వరసలో రాసిచ్చే ర్యాంకు జాబితా. 'అక్కడ మనల్ని తీసుకోరులే' అని ఇష్టమైనదాన్ని కిందికి నెట్టకండి. నోబెల్ అందుకున్న ఆల్విన్ రాత్ సంస్కరించిన మ్యాచ్ పద్ధతి అభ్యర్థి ఇష్టాన్ని పట్టుకునే మొదలవుతుంది, పైన ఆశపడి రాసినందువల్ల కింది అవకాశం పోదు. మీ నాలుగో ఏడాదికి సరిపోయే ప్రోగ్రామ్ ఎవరూ పేరు వినని ఊళ్లో ఉన్నా సరే, మొదటి వరసలో దాన్నే రాయండి.