ఎడమ పక్క, కుడి పక్క

నిరుడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న అమ్మాయి వాళ్లింటికి వెళ్లేసరికి వాళ్లు ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నారు. రాత్రి భోజనాలయ్యాక అమ్మాయీ అల్లుడూ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవారు. ఒక్కో ఇంటికీ ధర, పడకగదుల లెక్క, వాటితోపాటు దగ్గరి బడికి పదికి ఎన్నో చెప్పే అంకె. "ఎనిమిదికి తగ్గితే అసలు చూడం నాన్నా" అంది అమ్మాయి. మనవరాలికి అప్పటికి నాలుగేళ్లు.

ఆ అంకె వేసేది గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ. 1998లో కాలిఫోర్నియాలో మొదలైంది, లాభాలు చూసుకునేది కాదు. ఇళ్లు వెతికే జిల్లో వెబ్‌సైట్‌లోనూ ఆ అంకెలే కనిపిస్తాయి. 31 ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని కదా, అదెలా కడతారో చూడాలనిపించింది. చాలాకాలం దానికి ముఖ్యమైన ఆధారం పరీక్షల్లో పిల్లలకు వచ్చిన మార్కులే.

నాకు మా బడి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్మాస్టరు గారు ఒక అలవాటు నేర్పారు. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే చిన్న పరీక్ష పెట్టి, మార్కులు నోటుబుక్కులో ఎడమ పక్క రాసుకోవాలి. ఏప్రిల్ మార్కులు కుడి పక్క. ఆ రెంటి మధ్య ఎంత దూరం ఉందో అదే మన కష్టం అనేవారాయన. ఒక ఏడాది అప్పు తెచ్చే తీసివేతలు కూడా రాని పిల్లాడొకడు తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు. అమ్మానాన్నలు మిరప కోతలకు పోతే వెంట వాడూ పోయేవాడు. పదిలో లెక్కల్లో 48 తెచ్చుకుని గట్టెక్కాడు. అదే తరగతిలో ఉద్యోగస్తుల అమ్మాయికి 96. నా నోటుబుక్కు ప్రకారం నేను ఎక్కువ పని చేసింది ఆ 48 దగ్గర. ఫలితాల రోజున మొదటి జిల్లా, ఆఖరి జిల్లా అని ప్రకటించే శాతాల్లో ఎడమ పక్క అంకె ఉండదు.

అమెరికాలో జేమ్స్ కోల్మన్ బృందం 1966లోనే సుమారు ఆరు లక్షల మంది పిల్లల వివరాలు సేకరించి, మార్కుల తేడాలకు బడి వసతుల కంటే ఇంటి పరిస్థితే పెద్ద కారణమని చెప్పింది. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ దేశమంతటి మార్కులూ పోగేసి చూశారు. సగటు మార్కులు ఊరి కలిమిని అంటిపెట్టుకుని ఉంటాయి. ఏటికేడు పిల్లలు ఎంత ముందుకు పోతున్నారన్నది మాత్రం కలిమిని బట్టి అంతగా మారదు. పేద పిల్లలు ఎక్కువగా చదివే షికాగో ప్రభుత్వ బళ్లలో మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐదేళ్లలో ఆరేళ్ల చదువు సాగిందని 2017లో ఆయన తేల్చారు. ఒట్టి మార్కులు చూసి అంకె వేస్తే ఆ టీచర్ల కష్టం ఎవరి కంటా పడదు.

పైగా ఆ అంకె ఊళ్లను విడదీస్తుంది. స్తోమత ఉన్నవాళ్లు పెద్ద అంకె ఉన్న బడి చుట్టూ చేరతారు. అక్కడ ఇళ్ల ధరలు పెరుగుతాయి. బడి ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచే రావడంతో కలిగిన ఊరి బడి మరింత కలిగినదవుతుంది. ఆ ధరలు భరించలేని వాళ్ల పిల్లలకు చిన్న అంకె బడే దిక్కు. ఆ అంకె చూసి ఇంకా కొందరు వెళ్లిపోతారు.

2020లో గ్రేట్‌స్కూల్స్ తన లెక్క మార్చి, పిల్లల ఎదుగుదలకు ఎక్కువ విలువ ఇచ్చింది. మంచి పని. అయినా అన్నీ కలిపి ఒకే అంకె చేశాక, ఎదిగింది ఎంతో, ఇంటి నుంచి తెచ్చుకున్నది ఎంతో చూసేవాళ్లకు తెలియదు.

అమ్మాయికి నా నోటుబుక్కు సంగతి చెప్పాను. ఆ వారంలోనే, అంతకుముందు వద్దనుకున్న ఒక ఆరు అంకె బడికి వెళ్లాం. "ఇంగ్లీషు రాకుండా చేరిన పిల్లలు ఏడాది తిరిగేసరికి ఎక్కడుంటారు?" అని అమ్మాయి ప్రిన్సిపాల్‌ని అడిగింది. ఆవిడ తడుముకోలేదు. ఫైలు తీసి, పేర్ల మీద కాగితం అడ్డం పెట్టి మా ముందుంచింది. ఎడమ పక్క ఆగస్టు, కుడి పక్క మే.