మొదటి పాఠము చెప్పినవారు

సంగీతము నేర్పు వృత్తిలో ఒక విచిత్రమైన అన్యాయము గలదు. శిష్యురాలు సభలో పాడి మెప్పు పొందిననాడు పత్రికలు ఆమె విద్వత్తును గూర్చి విపులముగా వ్రాయును. ఆమెకు మెఱుగులు దిద్దిన కడపటి గురువును గూర్చి ఒకటి రెండు వాక్యములు వ్రాయును. సరళీస్వరములు చెప్పి, అపశ్రుతులను సహించి, తాళము తప్పిన చేతిని వేయిమారులు సరిదిద్దిన తొలిగురువును గూర్చి యేమియు వ్రాయవు. ఆ తొలిపాఠములు చెప్పుటయే నా జీవిక గనుక, ఇది స్వార్థముచేత పలికిన మాట యని పాఠకులు తలచినను నేనాక్షేపింపను. అయినను కెనడాదేశపు క్యూబెక్ రాష్ట్రమందలి ఫ్రెంచివారి సంగీతచరిత్రను చదువుచుండగా, ఈ యన్యాయము అచ్చటి స్త్రీల విషయమున ఎంత దూరము వ్యాపించినదో తెలిసి, ఈ వారము ఆ ముచ్చటయే వ్రాయబూనితిని.

ఆ సీమ స్త్రీల సంగీతమనగానే ఎవ్వరైనను మొదట చెప్పు పేరు ఎమ్మా అల్బానీ. 1847లో మాంట్రియల్ నగరమునకు చేరువనున్న షాంబ్లీలో ఎమ్మా లాజునెస్ అను పేర జన్మించి, సంగీతజ్ఞుడైన తండ్రియొద్ద సంగీతము నేర్చి, తల్లి గతించిన పిదప సన్న్యాసినుల పాఠశాలలో పెరిగి, రంగస్థలమెక్కి పాడగోరు బాలికకు ధనసాహాయ్యము చేయువారు స్వదేశమున కరవగుటచే 1865లో అమెరికాలోని ఆల్బనీ పట్టణము చేరి, అచ్చటి సెయింట్ జోసెఫ్ చర్చిలో ఆర్గన్ వాయించి, ఆ యూరివారు కూర్చిన ద్రవ్యముతో పారిస్, మిలాన్ నగరములలో శిక్షణ పొంది, 1870లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో బెల్లీని ఆపెరా 'లా సొన్నాంబులా'లో తొలిసారి పాడి, రెండేండ్లకే లండనులోని కోవెంట్ గార్డెన్ ప్రేక్షకుల మన్నన గడించెను. విక్టోరియా రాణి అంత్యక్రియల సందర్భమున పాడినది ఈమెయే. 1883లో ఆమె మాంట్రియల్‌కు వచ్చినపుడు, పూర్వము మొగము చాటువేసిన ఆ నగరమే ఆమెకు బ్రహ్మరథము పట్టినది. నగరముల జ్ఞాపకశక్తి యిట్టిదే. ఏబదియైదేండ్లు దాటిన తరువాత ఆమె పాడగా రికార్డు చేసిన పాటలు కొన్ని నేటికిని వినవచ్చును. ఆనాటి యంత్రపు గరగరల నడుమ సైతము ఊపిరిని పొదుపుగా వ్యయపఱచు నేర్పు చెవికి స్పష్టముగ అందును. గాత్రము నేర్చువారికి నేను వినుమని చెప్పునది ఆ నేర్పునే.

1906 నాటి వీడ్కోలు పర్యటనలో అల్బానీ తనవెంట ఎవా గోతియే అను యువగాయనిని గొనిపోయెను. ఒట్టావా నగరపు ఫ్రెంచి కుటుంబమున బుట్టిన యీమె సామాన్యురాలు కాదు. జావా ద్వీపమున కొన్నియేండ్లు వసించి అచ్చటి గానపద్ధతిని అభ్యసించినది; 1923లో న్యూయార్క్‌లోని ఏయోలియన్ హాలులో పర్సెల్ వంటి ప్రాచీనుల గీతములతోబాటు గెర్ష్విన్ పాటలను, గెర్ష్వినే పియానోపై సహకరింపగా, పాడి శాస్త్రీయ సంగీతాభిమానులను కలవరపెట్టినది. ఆ సాహసము నాకు అల్బానీ కీర్తికంటె ఎక్కువ ఇష్టము.

అయినను నా మనస్సును కట్టివేసిన కథ రంగస్థలమునకు సంబంధించినది కాదు. క్యూబెక్‌లో నూఱేండ్లకు పైగా కాథలిక్ బాలికల విద్య చాలవఱకు క్రైస్తవ సన్న్యాసినుల చేతిలోనే యుండెను. వారి పాఠశాలలలో పియానో ఒక ముఖ్యాంగము. ఆ పాఠములకు రుసుము వేరుగా గైకొనుటచే మఠపు వ్యయములకు అది ఊతయయ్యెను. సంగీతమచ్చట భక్తికిని, మర్యాదకును, కొంత ధనమునకును సాధనము. ఈ మూడవదానిని చెప్పుటకు భక్తులు సంకోచింతురేమో గాని, నెల నెల జీతము పుచ్చుకొను నాకు సంకోచము లేదు. రాష్ట్రపు ఎన్నికలలో స్త్రీలకు 1940 వఱకు వోటు లేని ఆ సీమలో, వివాహితయగు స్త్రీకి స్వయముగ వ్యవహరించు అధికారమును 1964 వఱకు చట్టము సరిగా ఒప్పుకొనని ఆ సమాజమున, పియానో నేర్పుట మాత్రము ఎవ్వరును కాదనని స్త్రీవృత్తిగా నిలిచినది.

యేసు మరియల పవిత్రనామములపేర వెలసిన సన్న్యాసినీ సంఘమున చేరి సిస్టర్ మారీ-స్తెఫాన్ అయిన హెలెన్ కోతే, ఆనాడు మాంట్రియల్ ప్రక్కనుండిన ఊత్రెమాన్‌లో 1932లో ఉన్నత సంగీత పాఠశాలను స్థాపించెను. ప్రభుత్వము తన సంగీత కళాశాలను నెలకొల్పినది ఆ పిదప పదేండ్లకు. 1951లో ఫ్రెంచి స్వరకర్త పేర వాన్సాన్ దాందీ పాఠశాల యనిపించుకొనిన ఆ సంస్థకు 1960లో మోంట్ రోయల్ కొండవాలున గొప్ప భవనము లేచినది. ఇచ్చట ఒక చమత్కారము గమనింపుడు. రంగస్థలము కొఱకు లాజునెస్ అల్బానీ యయ్యెను. మఠము కొఱకు హెలెన్ కోతే మారీ-స్తెఫాన్ అయ్యెను. మన జతుల వలె అర్థములేని శబ్దములను నాలుకపై దొరలించు 'తుర్లుత్' పాటలతో 1930 ప్రాంతమున గ్రామఫోను రికార్డులను వేలకొలది అమ్మించిన గాస్పే తీరపు మేరీ ట్రావర్స్ భర్త యింటిపేరున 'లా బోల్డుక్' అయ్యెను. పుట్టినింటి పేరుతో కీర్తి పొందినవారు ముగ్గురిలో ఒక్కరును లేరు.

ఆ సన్న్యాసినుల పాఠశాలలోనే స్వరకర్త క్లోద్ షాంపాన్ వద్ద చదివిన విద్యార్థిని మిషెలిన్ కూలోంబ్ సాన్-మార్కూ. 1938లో జన్మించిన యీమె 1967లో ప్రీ ద్యూరోప్ పురస్కారముతో పారిస్ చేరి, అన్యదేశముల యువస్వరకర్తలతో గూడి 1969లో విద్యుత్‌ధ్వనిసంగీత బృందమును స్థాపించి, స్వదేశమునకు మరలి, రచించుచు, బోధించుచు, 1985లో నలుబదియాఱవ యేట కన్నుమూసెను. స్త్రీకంఠమును, వాద్యములను, యంత్రనాదమును కలిపి ఆమె 1974లో కూర్చిన 'ఇషూమా' వంటి రచనలలో రాగమునకు అలవాటుపడిన చెవికి పట్టు సులభముగ దొరకదు. పట్టు దొరకవలెనని పట్టుబట్టక వినుటయే మేలు. పరుల కృతులను పాడుట కీర్తి తెచ్చిన జాతిలో, తన కృతి తాను కట్టుట ఒక స్త్రీకి వృత్తి యగుటకు ఇంతకాల మేల పట్టెనని ప్రశ్నించువారు, సంగీతచరిత్రకారిణి మారీ-తెరేజ్ లెఫెవ్ర్ 1991లో క్యూబెక్ స్త్రీల సంగీతసృష్టిపై వ్రాసిన గ్రంథమును చూడవలెను.

1960 దశాబ్దమున విద్య ప్రభుత్వ హస్తగతమై మఠముల ప్రాభవము సన్నగిల్లినది. కొండవాలునందలి ఆ భవనము తరువాత మాంట్రియల్ విశ్వవిద్యాలయపు సంగీతశాఖకు నిలయమైనది. ఆ శాఖలో ఆచార్యపదవి వహించిన లొరేన్ వయాంకూర్ 1989లో పదునైదుగురు వాద్యకారులతో 'నూవెల్ ఆన్సాంబ్ల్ మోదెర్న్' అను నవ్యసంగీత బృందమును స్థాపించి, తానే నిర్వాహకురాలై దశాబ్దములపాటు నడిపినది. నూతన రచనలను ఆ బృందము వినిపించిన వేదికలలో ఒకటి, సన్న్యాసినుల కాలమున వెలసిన క్లోద్ షాంపాన్ సభామందిరము.

మొదట చెప్పిన యన్యాయము మన యెడనైనను కొంత తగ్గుటకై, మన బాలికల తొలికచేరీకి ఆహ్వానపత్రిక అచ్చువేయించు తల్లిదండ్రులకు నాదొక మనవి: కడపటి గురువుగారి పేరు పెద్ద అక్షరములతోనే వేయింపుడు, దాని క్రింద, చిన్న అక్షరములతోనైనను, సరళీస్వరములు చెప్పిన టీచరుగారి పేరును వేయింపుడు.