అమెరికా స్వాతంత్ర్య ప్రకటన: అన్నవీ, అననివీ

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఎందుకు వచ్చిందని ఇక్కడి బడిలో చదివే మన పిల్లలను అడిగితే, ప్రాతినిధ్యం ఇవ్వకుండా పన్నులు వేసినందుకని ఠక్కున చెబుతారు. జవాబు తప్పు కాదు. అయితే 1776 జులై 4న కాంగ్రెస్ ఆమోదించిన ప్రకటనను ఆసాంతం చదివితే ఒక సందేహం కలుగుతుంది. అందులో రాజుపై మోపిన అభియోగాలు 27. పన్నుల మాట వాటిలో ఒక్కదానిలోనే, అదీ సగం దాటాక వస్తుంది. తేయాకు ఊసే లేదు. పార్లమెంటు అన్న పదం ఎక్కడా కనిపించదు. పదేళ్ళు పార్లమెంటుతో తగవుపడి, చివరికి దావా రాజు మీద వేశారు. రోగి చెప్పుకునే బాధ అబద్ధం కాదు; అయినా వైద్యుడు దాన్నే రోగనిర్ధారణగా రాసుకోడు. ఈ ప్రకటనను కూడా ఒక వాది దాఖలు చేసిన దావాగా చదవాలని, అందులో లేనివాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా ప్రతిపాదన.

ఏడేళ్ళ యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ జాతీయ ఋణం రమారమి రెట్టింపయింది. అమెరికాలో నిలిపిన సైన్యం ఖర్చులో కొంత అక్కడివారే భరించాలంటూ 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. ఆందోళన చెలరేగడంతో మరుసటి ఏడాది దాన్ని రద్దు చేశారు. కాని కాలనీలపై ఏ విషయంలోనైనా శాసనం చేసే హక్కు తమకుందని పార్లమెంటు అప్పుడే మరో చట్టంలో చాటుకుంది. పన్ను పోయింది, పన్ను వేసే అధికారం నిలిచింది. వివాదమంతా ఆ అధికారం గురించే. 1773 నాటి తేయాకు చట్టం కాలనీలలో సరుకును చవక చేసింది. పౌనుకు మూడు పెన్నీల పాత సుంకాన్ని మాత్రం వదలలేదు. చవక తేయాకు కొంటే సుంకాన్ని, దాని వెనుకనున్న అధికారాన్ని ఒప్పుకున్నట్టే. దొంగసరుకు వర్తకుల లాభాలకు గండిపడిందన్నదీ నిజమే. ఆ డిసెంబరు 16న బోస్టన్ రేవులో 342 పెట్టెలు నీటిపాలయ్యాయి.

ఆ పెట్టెలు ఈస్టిండియా కంపెనీవి. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే ఆ కంపెనీ మొగలు చక్రవర్తి షా ఆలం నుండి బెంగాల్ దివానీని, మన ఉత్తర సర్కారులకు ఫర్మానాను సంపాదించింది. 1770 నాటికి బెంగాల్ ఘోరమైన కరువులో చిక్కుకుంది. 1772లో కంపెనీ దివాలా అంచుకు చేరింది. 1773లో పార్లమెంటు దానికి అప్పు ఇచ్చింది, దాని పాలనను అదుపు చేయడానికి రెగ్యులేటింగ్ చట్టం చేసింది, పేరుకుపోయిన సరుకును అమ్ముకోవడానికి తేయాకు చట్టం చేసింది. రెగ్యులేటింగ్ చట్టాన్ని మనం అక్కడి పాఠాల్లో చదివాం, తేయాకు చట్టాన్ని మన పిల్లలు ఇక్కడ చదువుతున్నారు. రెండూ ఒకే జబ్బుకు రాసిన మందులు. ఆనాటి అమెరికన్లకు ఈ సంబంధం తెలియనిది కాదు. జాన్ డికిన్సన్ 1773లో రస్టికస్ అనే మారుపేరుతో రాస్తూ, ఆసియాలో జనాన్ని ఆకలికి బలిచ్చిన కంపెనీ ఇప్పుడు అమెరికాపై కన్నేసిందని హెచ్చరించాడు. మూడేళ్ళ తరువాతి ప్రకటనలో ఆ గొంతు వినబడదు.

దావా రాజు మీదనే ఎందుకు? పార్లమెంటుకు తమపై అసలు అధికారమే లేదని, తమకున్న బంధం రాజుతోనేనని 1774 నాటికే జేమ్స్ విల్సన్, జెఫర్సన్ వంటివారు వాదించారు. 1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్ వద్ద తుపాకులు పేలిన తరువాత కూడా కాంగ్రెస్ రాజుకు వినతిపత్రం పంపింది. రాజు దాన్ని స్వీకరించకపోగా కాలనీలు తిరుగుబాటు చేస్తున్నాయని ప్రకటించాడు. 1776 జనవరిలో టామస్ పెయిన్ ‘కామన్ సెన్స్’ రాచరికాన్నే గురిపెట్టింది. ఆ పేరు సూచించిన ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ తరువాత ప్రకటనపై సంతకం చేశాడు. లేదని వాదించిన బంధాన్ని తెంచే పని లేదు. ఒప్పుకున్న బంధాన్నే తెంచాలి. అందుకే వాక్యం వెంట వాక్యానికి కర్త రాజే అయ్యాడు. వాదంగా ఇది ఎంతో పకడ్బందీ రచన.

అన్నిటికన్నా బరువైన మౌనం బానిసత్వం విషయంలో ఉంది. బానిస వ్యాపారాన్ని రాజు నేరంగా చూపే పేరా జెఫర్సన్ చిత్తుప్రతిలో ఉండేది. రాసినవాడూ బానిసల యజమానే. కాంగ్రెస్ దాన్ని కొట్టివేసింది. 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు రాజు పక్షాన ఆయుధం పడితే విముక్తి ఇస్తానన్నాడు. ప్రకటనలోని చివరి అభియోగం అటువంటి చర్యలను అంతర్గత తిరుగుబాట్లు రేపడంగా చిత్రించింది. కొందరికి స్వేచ్ఛగా వినబడిన మాట ఇక్కడ నేరాల జాబితాకెక్కింది. అదే అభియోగంలో ఆదివాసులు క్రూరులైన శత్రువులుగా మాత్రమే కనిపిస్తారు. అపలాచియన్ పర్వతాలకు పడమట స్థిరపడవద్దని 1763లో రాజు ఆజ్ఞాపించిన భూములు వారివే.

ఇంత చెప్పినా ప్రకటన విలువ తరిగిపోదు. దాని పీఠికలోని సమానత్వసూత్రం రాసినవారి ఉద్దేశాలను దాటిపోయింది. 1852లో ఫ్రెడరిక్ డగ్లస్ ఆ సూత్రంతోనే అమెరికాను నిలదీశాడు. 1945లో హో చి మిన్ హనోయిలో తన దేశ స్వాతంత్ర్యాన్ని దానితోనే చాటాడు. 1930 జనవరి 26న మనవారు చేసిన పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞది కూడా ఇదే నిర్మాణం: ముందు హక్కు, తరువాత అభియోగాలు, చివర సంకల్పం. అయితే అందులో ప్రతివాది ఒక రాజు కాదు, బ్రిటిష్ ప్రభుత్వం. జనసామాన్యాన్ని దోచుకోవడమే ఆ ప్రభుత్వానికి పునాది అన్నది అందులోని మొదటి ఆరోపణ.

2026తో ఈ ప్రకటనకు 250 ఏళ్ళు. పిల్లలు పీఠికను కంఠస్థం చేస్తే సంతోషమే. ఆ 27 అభియోగాలు కూడా వారితో చదివించి, కొట్టివేసిన పేరా ఏమిటో, ఆ తేయాకు ఎవరిదో అడగవలసినది మనమే. ఆ కంపెనీ ఏలిన నేల నుండి వచ్చిన మనకు ఆ ప్రశ్న పరాయిది కాదు.