బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి?

సత్య నాదెళ్ల 'హిట్ రిఫ్రెష్' (2017)లో నాకు బాగా గుర్తుండిపోయింది ఆయన మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూ. రోడ్డు మీద పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏం చేస్తావని అడిగారు. 911కి ఫోన్ చేస్తానన్నారు. ముందు బిడ్డను ఎత్తుకోవాలి కదయ్యా అన్నాడు అడిగినాయన. 1992లో ఉద్యోగమైతే వచ్చింది. సహానుభూతి అన్న మాట మాత్రం పుస్తకమంతా ఆయన్ని వదల్లేదు.

కొడుకు జైన్ సెరిబ్రల్ పాల్సీతో పుట్టడం, భార్య అనును అమెరికా తెచ్చుకోడానికి గ్రీన్ కార్డు వదులుకుని హెచ్1బీకి మారడం... ఈ పేజీల్లో ఆ మాటను నమ్మబుద్ధేస్తుంది. వీసా కష్టాలు తెలిసిన మనవాళ్ళు తప్పక చదవాలి.

కానీ 2014లో ఆయన సీఈఓ అయిన కొన్ని నెలలకే 18,000 ఉద్యోగాల కోత. అందులో ఎక్కువమంది నోకియా నుంచి వచ్చినవాళ్ళు. నోకియా కొనుగోలు తనకు ఇష్టం లేదని చెప్పి, కోత సంగతి మాత్రం క్లుప్తంగా దాటేస్తారు.

నేనూ కోడ్ రాసి బతికేవాణ్ణే. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇప్పుడు దొరికే గడువు మహా అయితే 60 రోజులు. అందుకే ఆ క్లుప్తత నాకు మింగుడుపడలేదు. కొడుకు ఆ తండ్రిని మార్చాడంటే నమ్ముతాను. ఆ మార్పు సీఈఓగా ఆయన చేత ఏ ఒక్క కోతనైనా ఆపించిందా? పుస్తకం ఆ ప్రశ్న దగ్గరికే పోదు.